మాను కింద పొట్టు రాలితే: చెట్లు తొలిచే పురుగులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పుకున్నాయి. చెట్టు పైకి పచ్చగానే ఉంటోంది, లోపల గుల్లయిపోతోంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం మాను తొలిచే పెంకు పురుగులకే కేటాయించాం.

ప్రశ్న: మా పెరట్లో పాతికేళ్ల బంగినపల్లి మామిడి ఉంది. రెండు నెలలుగా మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలుతోంది. ఒక పెద్ద కొమ్మ వాడి ఎండిపోయింది. దుకాణంలో ఇచ్చిన మందు మూడుసార్లు చెట్టంతా కొట్టించాం. పొట్టు ఆగలేదు. ఇంకే మందు కొట్టాలి? (సీతమ్మధార)

ఇంకే మందూ కొట్టకండి. పురుగు ఆకుల మీద లేదు, మానులో ఉంది. ఆకుల మీద పడిన మందు దాని దాకా వెళ్లే దారి లేదు. మూడుసార్లు కొట్టించిన ఖర్చు వృథా కావడమే కాదు, పూత మీద వాలే ఈగలూ తేనెటీగలూ కూడా చచ్చి ఉంటాయి.

మీరు చెప్పిన లక్షణాలన్నీ మామిడి కాండం తొలుచు పురుగువే. పెద్ద పురుగు దాదాపు 5 సెం.మీ. పొడవుంటుంది. బూడిద రంగు, ఒంటికంటే పొడవైన మీసాలు, మెడ మీద రెండు నారింజ రంగు మచ్చలు. తొలకరితో బయటికొచ్చి, బెరడును నోటితో గాటు పెట్టి అందులో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు మొదట బెరడు కింద తిని, తర్వాత చెక్కలోకి వంకర టింకరగా సొరంగం తవ్వుకుంటూ పోతుంది. ఎదిగిన పిల్ల పురుగుకు కాళ్లుండవు. పాలమీగడ రంగులో, వేలంత లావున, 8 నుంచి 10 సెం.మీ. దాకా ఉంటుంది. ఈ చక్రమంతా తిరగడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే ఈ రోజు మీరు చూస్తున్న పొట్టు కిందటి వానాకాలం గుడ్లది.

ముందు పురుగు ఎక్కడుందో పట్టుకోవాలి. సాయంత్రం మాను చుట్టూ ఉన్న పొట్టంతా ఊడ్చేసి, పాత తెల్ల పంచె పరవండి. తెల్లారి చూస్తే కొత్త పొట్టు ఎక్కడ పడిందో తెలుస్తుంది. దానికి నేరుగా పైన వెతకండి. తడిగా, తాజాగా పొట్టు వస్తున్న కన్నమే బతికి ఉన్న పురుగుది. ఎండి నల్లబడిన పొట్టున్న కన్నాలు పాతవి, వాటితో పనిలేదు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కనిపించిన ప్రతి కన్నంలోనూ మందు పోసి, అసలు కన్నాన్ని వదిలేస్తారు.

ఉలితో ఆ కన్నం చుట్టూ చచ్చిన బెరడును మాత్రం తీసేయండి, పచ్చి బెరడు జోలికి పోవద్దు. సైకిలు చువ్వ కొసను చిన్న కొక్కెంలా వంచి మెల్లగా లోపలికి తోయండి. సొరంగం వంకరగా ఉంటే చువ్వ ఆగిపోతుంది, అప్పుడు బండి బ్రేకు తీగ వాడండి. అది వంపు తిరుగుతుంది. మెత్తగా ఏదో తగిలినప్పుడు తిప్పి లాగండి. పురుగు వస్తే సరే, రాకపోయినా తీగ కొసకు తెల్లటి పాలలాంటి తడి అంటితే అది చితికినట్టే.

పురుగు దొరక్కపోతే, చిక్కుడు గింజంత దూదిని పెట్రోలులో తడిపి కన్నంలోకి వీలైనంత లోపలికి దోపి, బంకమట్టితో గట్టిగా మూసేయండి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు, చేతికి గ్లౌజు ఉండాలి. వారం తర్వాత చూడండి. మట్టి పగిలి కొత్త పొట్టు వస్తుంటే మళ్లీ అదే పని చేయాలి. ఒక మానులో మూడు నాలుగు పురుగులుండడం మామూలే. ఒకటి పోయిందని ఊరుకోకండి.

ఎండిన కొమ్మను పచ్చి చెక్క కనిపించేదాకా కోసి, జూన్ వానలకు ముందే కాల్చేయండి. పెరట్లో మూలన పడేస్తే అందులోని పురుగు పెద్దదై ఎగిరొచ్చి మళ్లీ ఇదే చెట్టులో గుడ్లు పెడుతుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల పొడి సున్నం మరో అర లీటరు నీటిలో, రెండూ ప్లాస్టిక్ గిన్నెల్లోనే కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కర్రతో తిప్పండి. కత్తి మొన ముంచి తీస్తే ఎర్రటి రాగి పొర అంటిందా, సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపండి. అంటకపోతే తయారైనట్టు. అదే రోజు వాడేయాలి. ఇది గాయంలో బూజు, కుళ్లు పట్టకుండా కాపాడుతుంది కానీ లోపలి పురుగును చంపదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక మాను చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ రండి. చుట్టుకొలతలో సగానికి మించి బోలు చప్పుడు వస్తే ఆ చెట్టును ఇంటి పక్కన ఉంచడం మంచిది కాదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను గాలులు వీచే ఊరు మన విశాఖ.

ప్రశ్న: మా దగ్గరున్న పాత ఉద్యాన పుస్తకంలో తొలుచు పురుగుకు డైక్లోర్‌వాస్ ఎక్కించమనీ, కార్బరిల్ పూయమనీ ఉంది. దుకాణంలో అడిగితే లేదంటున్నారు. (పెందుర్తి)

లేదనడమే సరైనది. కార్బరిల్‌ను మన దేశంలో 2018లోనే నిషేధించారు. డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆగిపోయింది. ఫోరేట్ గుళికలకూ ఆ రోజే చివరి రోజు. ఎవరైనా పాత సీసా చాటుగా ఇచ్చినా తీసుకోకండి. అంతకంటే ముఖ్యం, కొందరు కన్నంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల పెట్టమని సలహా ఇస్తున్నారు. తడి తగిలిందంటే అందులోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. అనుమతి ఉన్న నిపుణులు తప్ప మామూలు మనుషులు ముట్టుకోకూడని సరుకది. ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగే చోట, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తీగతో అయ్యే పనికి ప్రాణం మీదికి తెచ్చుకోవడమెందుకు?

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు రెండెకరాల జీడిమామిడి తోట ఉంది. ఏటా నాలుగైదు చెట్లు పసుపెక్కి నిలువునా ఎండిపోతున్నాయి. మొదట్లో బంకా, ఎర్రటి పొట్టూ కనిపిస్తున్నాయి. తెగులా, పురుగా?

పురుగే. జీడిమామిడిలో కాండం, వేరు తొలుచు పురుగు. ఎర్రటి గోధుమ రంగు పెంకు పురుగు నేలకు దగ్గరగా, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లలు బెరడు కింద మెత్తటి పొరను తింటూ చుట్టూ తిరుగుతాయి. ఆకు తయారు చేసిన ఆహారం వేరుకు దిగేది ఆ పొరలోనుంచే. చుట్టూ తెగిపోతే వేళ్లు పస్తుండి చస్తాయి, తర్వాత చెట్టు పోతుంది. ఆకులు పసుపెక్కేసరికే లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. అందుకే జీడిలో ఆకులు చూసి వైద్యం మొదలుపెట్టేవాళ్లు ఎప్పుడూ ఆలస్యమవుతారు. చూడాల్సింది మొదలు.

నెలకోసారి ప్రతి చెట్టు మొదలూ, బయటికి తేలిన వేళ్లూ చూడండి. బంక, పొట్టు కనిపించిన చోట ఉలితో చచ్చిన బెరడు చెక్కి, సొరంగం వెంబడే పోయి పురుగులను ఏరి చంపండి. ఒక్కో చెట్టులో పదుల సంఖ్యలో దొరకొచ్చు. తర్వాత లీటరు నీటికి 10 మి.లీ. క్లోరిపైరిఫాస్ 20 ఈసీ కలిపి, చెక్కిన భాగమూ మొదలూ తడిసేలా కుంచెతో పూయండి. గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. మేకలు, పశువులు మేసే తోటైతే మందు ఆరేదాకా తోలకండి.

పురుగు పట్టని చెట్లకు ముందు జాగ్రత్తగా 5 శాతం వేపనూనె, అంటే లీటరు నీటికి 50 మి.లీ., కొంచెం సబ్బు నీళ్లతో కలిపి, మీటరు ఎత్తు వరకు ఏటా మూడుసార్లు పూయండి: జనవరి-ఫిబ్రవరి, మే-జూన్, సెప్టెంబరు-అక్టోబరు. ఒక పాలు కోల్‌తారు, రెండు పాళ్లు కిరోసిన్ కలిపి పూసే పాత పద్ధతి కూడా ఉంది.

చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయిన చెట్టు, ఆకులన్నీ పసుపెక్కిన చెట్టు బతకదు. దాన్ని ఈ ఏడు కాపు కోసం ఆపకండి. వేళ్లతో సహా తవ్వి తోట బయటికి చేర్చి వెంటనే కాల్చేయాలి. రెండెకరాల్లో ఏటా నాలుగైదు పోతున్నాయంటే, ఎండిన చెట్లను వంటచెరకు కోసం గట్టున పేర్చి ఉంటారని మా అనుమానం. ఆ మోపే వచ్చే ఏడాది పురుగుకు పుట్టిల్లు.

ప్రశ్న: భీమిలి దగ్గర పెరట్లో ఆరు కొబ్బరి చెట్లు. కొన్నిటి మట్టలు కత్తెరతో కోసినట్టు త్రికోణాలుగా ఉన్నాయి. ఒక చెట్టు మానులోంచి ఎర్రటి జిగురు కారుతోంది. రెండూ ఒకే పురుగా? లింగాకర్షక బుట్ట (వాసన ఎరతో పురుగులను పట్టే బుట్ట) పెట్టుకోమంటున్నారు, పెట్టమంటారా?

రెండు వేరువేరు పురుగులు. కానీ ఒకటి తలుపు తీస్తే రెండోది లోపలికొస్తుంది.

మట్టలు త్రికోణాలుగా తెగడం కొమ్ము పురుగు పని. విచ్చుకోని మొవ్వును అది తొలుస్తుంది, ఆకు విచ్చుకున్నాక కోత బయటపడుతుంది. ఇది పెరిగేది చెట్టు మీద కాదు, గత్తం కుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. కాబట్టి చెట్టు మీద ఎంత పోరాడినా, పక్కన గత్తం కుప్ప అలాగే ఉంటే ఫలితం ఉండదు. కుప్పను రెండు మూడు నెలలకోసారి తిరగేసి, అర్ధచంద్రంలా ముడుచుకున్న తెల్లటి పురుగులను ఏరి కోళ్లకు వేయండి. 250 మి.లీ. మెటారైజియం అనే బూజు ద్రావణాన్ని 750 మి.లీ. నీటిలో కలిపి కుప్ప మీద చల్లితే పురుగుకు పచ్చటి బూజు పట్టి చస్తుంది. కుప్ప తడిగా ఉంటేనే ఆ బూజు పనిచేస్తుంది, ఎండిపోయిన కుప్పలో చల్లితే దండగ. చెట్టు మీద, మొవ్వుకు దగ్గరున్న మట్టల మొదళ్లలో మూడు కలరా ఉండలు పెట్టి ఇసుక కప్పండి, నెలన్నరకోసారి కొత్తవి వేయండి. లేదా 250 గ్రాముల వేపపిండికి అంతే ఇసుక కలిపి అదే చోట ఏడాదికి మూడుసార్లు వేయండి.

జిగురు కారే చెట్టుది ఎర్రముక్కు పురుగు. ఇది ఎక్కువ ప్రమాదం. మన ప్రాంతానికి కొత్తది కాదు, దక్షిణ ఆసియాలోనే పుట్టింది. ఇక్కడి నుంచి ఖర్జూరపు దేశాలకూ, మధ్యధరా తీరానికీ పాకి అక్కడి చెట్లను నాశనం చేసింది. గాయం వాసనకు వస్తుంది. కొమ్ము పురుగు చేసిన కన్నం, చెట్టెక్కడానికి మానుకు పెట్టిన గంట్లు, పచ్చి మట్టను మొదలంటా నరికిన చోటు, ఇవన్నీ దానికి దారులు. పచ్చి మట్ట కోయక తప్పకపోతే మాను నుంచి 120 సెం.మీ. వదిలి కోయించండి.

ప్రశాంతంగా ఉన్నప్పుడు మానుకు చెవి ఆనించండి. లోపల నమిలే చప్పుడు వినిపించవచ్చు. మొవ్వు ఇంకా నిలబడి ఉంటే చెట్టును కాపాడవచ్చు. కింది కన్నాలన్నీ బంకమట్టితో మూసేయండి. అన్నిటికంటే పై కన్నంలోంచి గరాటుతో, లీటరు నీటికి 1 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ కలిపిన ద్రావణం నెమ్మదిగా పోసి, దాన్నీ మూసేయండి. కింది కన్నాలు మూయకుండా పోస్తే మందంతా బయటికి కారిపోతుంది. పోసే ముందే పనికొచ్చే కాయలు దింపేసుకోండి. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ చెట్టు బొండాలు తాగవద్దు. మోనోక్రోటోఫాస్‌ను వేరు ద్వారా ఎక్కించే పాత పద్ధతి జోలికి పోవద్దు. మొవ్వు వాలిపోయిన చెట్టును మాత్రం కొట్టేసి, మానును చీల్చి, లోపలి గూళ్లతో సహా కాల్చాలి.

బుట్ట సంగతి. ఆరు చెట్ల పెరటికి వద్దు. హెక్టారుకు ఒకటి చొప్పున, ఊరంతా కలిసి పెట్టుకుంటే మేలు చేస్తుంది. ఒక్క మీ పెరట్లో వేలాడదీస్తే చుట్టుపక్కల పురుగులన్నిటినీ మీ చెట్లకు పిలిచినట్టవుతుంది, బుట్టలో పడనివి చెట్టెక్కుతాయి. పెట్టినా కొబ్బరి మానుకు కట్టకుండా దూరంగా గుంజకు కట్టాలి. మెటారైజియం, బుట్టలు, ఎర సంగతులకు కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వారిని అడగవచ్చు, కొబ్బరి పురుగుల మీద వారికి చాలా అనుభవం ఉంది.

ప్రశ్న: మా వీధిలో నిద్రగన్నేరు, కానుగ చెట్ల చుట్టూ సిమెంటు వేసేశారు. ఇప్పుడు మానుకు గుండుసూదితో పొడిచినట్టు వందల కన్నాలు, వాటిలోంచి సన్నటి సేమియా పుల్లల్లా పొట్టు వస్తోంది. (ఎంవీపీ కాలనీ)

ఆ సేమియా పుల్లలే గుర్తు. ఇవి బియ్యపు గింజకంటే చిన్న పెంకు పురుగులు. చెక్కను తినవు. సొరంగంలో బూజును నాటి, దాన్ని పండించుకు తింటాయి. అందుకే చెక్కకు ఎక్కించిన మందు వాటి నోట్లోకి వెళ్లదు, పైన కొట్టినది సొరంగంలోకి దిగదు. కొన్ని జాతులు తెచ్చే బూజు చెట్టు నీటిగొట్టాలను మూసేసి ఎండబెడుతుంది. ఆగ్నేయాసియా నుంచి ఇతర దేశాలకు పోయిన ఇలాంటి ఒక పురుగు కాలిఫోర్నియాలోనూ, ఇజ్రాయెల్‌లోనూ, 2017 నుంచి దక్షిణాఫ్రికాలోనూ వీధి చెట్లను, తోటలను పాడుచేస్తోంది. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన మరొకటి ఆసియాలో పాతుకుపోయింది.

మీ వీధిలో ఉన్నది ఏ జాతో ఉత్తరం చూసి చెప్పలేం. ఒక చిన్న సీసాలో శానిటైజర్ పోసి, నాలుగైదు పురుగులను వేసి, కన్నాలున్న చెక్క ముక్కతో కలిపి దగ్గర్లోని వ్యవసాయ లేదా ఉద్యాన కళాశాల కీటక శాస్త్ర విభాగంలో చూపించండి.

ఈ లోపు చేయాల్సిన పని సిమెంటు పగలగొట్టించడం. ఈ జాతుల్లో చాలావరకు నీరసించిన చెట్టునే ఎంచుకుంటాయి. దాహంతో ఉన్న చెట్టు నుంచి వచ్చే వాసనే వాటికి ఆహ్వానం. మాను చుట్టూ కనీసం మీటరు మేర నేల తెరిపించి, ఎండాకాలంలో వారానికోసారి నేల లోతుగా నానేలా నీళ్లు పెట్టండి. రోజూ చెంబెడు పోస్తే పైపైనే ఆవిరవుతుంది. కన్నాలు కొమ్మ వరకే ఉంటే ఆ కొమ్మ కోయించండి. కోసే రంపాన్ని మరో చెట్టు ముట్టేముందు స్పిరిటుతో తుడవాలి, బూజు రంపంతో కూడా పాకుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత కూలిన చెట్లు వీధుల్లో ఎన్నాళ్లు పడి ఉన్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. పడిపోయిన పచ్చి మాను కూడా ఈ పురుగులకు పండగే, అందుకే తుపాను తర్వాత తొలి వారాల్లోనే మొద్దులు తరలించాలి.

ప్రశ్న: ఓడరేవు సరుకుల చెక్క ప్యాలెట్లు చవగ్గా దొరుకుతున్నాయి. తోటలో బెంచీలు చేయించుకోవచ్చా? (గాజువాక)

ముద్ర చూసి కొనండి. తొలిచే పురుగులు ఖండాలు దాటింది ఎక్కువగా ఇలాంటి చెక్కలోనే. దీన్ని ఆపడానికి 2002లో అంతర్జాతీయ నియమం వచ్చింది. దాని ప్రకారం ప్యాకింగ్ చెక్కను నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెల్సియస్‌లో ఏకబిగిన 30 నిమిషాలు వేడి చేయాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. అలా చేసిన చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశం గుర్తు, పక్కన హెచ్‌టీ అనో ఎంబీ అనో కాల్చిన ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అంటే వేడి చేసినది, అదే కొనండి. ఎంబీ ఉన్నది కూర్చునే బల్లకు వద్దు. ముద్ర లేనిదీ, బెరడు అంటి ఉన్నదీ ఎంత చవకైనా వదిలేయండి. బెరడు కిందే పురుగు ప్రయాణం చేస్తుంది. విదేశీ ప్యాలెట్‌లో కన్నాలూ, తాజా పొట్టూ కనిపిస్తే ఇంటికి తేకుండా విశాఖలోని మొక్కల క్వారంటైన్ కేంద్రానికి చెప్పండి.

ప్రశ్న: మిషిగన్‌లో మా అబ్బాయి ఇంటి ముందు యాష్ చెట్టుకు మానులోకి మందు ఎక్కించారు, పురుగు పోయింది. మన మామిడికి అలా ఎందుకు చేయకూడదు? (ఎండాడ)

అక్కడిది వేరే పురుగు, వేరే తిండి. తూర్పు ఆసియా నుంచి వచ్చి 2002లో మిషిగన్‌లో బయటపడిన ఆకుపచ్చ మెరుపు పురుగు అది. దాని పిల్లలు బెరడు కింద, ఆహారం పారే పొరలో తింటాయి. మానులో ఎక్కించిన మందు ఆ పొరకు చేరుతుంది కాబట్టి అక్కడ ఫలితం ఉంటుంది. మామిడి పురుగు గట్టి చెక్కలో ఉంటుంది, మందు అక్కడికి సరిగా చేరదు. పైగా యాష్ నీడ కోసం పెంచే చెట్టు, మామిడి కాయ మనం తింటాం. ఎక్కించిన మందు కాయలోకీ వెళ్తుంది.

ప్రశ్న: అరకులో మా అరబికా కాఫీ మొక్కల మాను మీద ఉబ్బెత్తు చారలు వచ్చాయి.

తెల్ల కాండం తొలుచు పురుగు. చారలున్న మొక్కలను మార్చి, సెప్టెంబరుల్లో గుర్తించి, పీకి కాల్చేయండి. పెద్ద పురుగులు ఎగిరేది ఏప్రిల్-మేలోనూ, అక్టోబరు-డిసెంబరులోనూ. అంతకు ముందే మాను మీది పొలుసు బెరడును కొబ్బరి పీచుతో రుద్ది, 10 లీటర్ల నీటికి కిలో సున్నం, కాస్త జిగురు కలిపి పూయండి. ఇది ఎండ ఇష్టపడే పురుగు. నీడ పలచబడిన చోటే ఎక్కువ. నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్ల కొమ్మలు మరీ నరికించకండి.

ప్రశ్న: కొత్త మామిడి చెక్క మంచం నుంచి పిండిలా రాలుతోంది. ఇది పెరటి చెట్లకు ఎక్కుతుందా? (మధురవాడ)

ఎక్కదు. ఇది ఎండిన తెల్లచెక్కలో పిండి పదార్థం తినే పుచ్చు పురుగు, బతికిన చెట్టును ముట్టదు. కన్నాలున్న పలకలను రెండు మూడు రోజులు ఎండలో పెట్టి పొడి దులపండి. ఒక పాలు బోరిక్ యాసిడ్‌కు పాలున్నర బోరాక్స్ చొప్పున, రెండూ కలిపి లీటరు నీటికి 50 గ్రాములు గోరువెచ్చని నీటిలో కరిగించండి. పాలిష్ గీకేశాకే కుంచెతో రెండు పూతలు వేయాలి, పాలిష్ మీద పూస్తే లోపలికి ఇంకదు. ఆరాక మళ్లీ పాలిష్ వేయించండి.

ప్రశ్న: పురుగు పట్టిన చెట్టు కొట్టించాం. ఊళ్లో కాల్చడానికి వీల్లేదు. మొద్దులు ఏం చేయాలి? (అక్కయ్యపాలెం)

యంత్రంతో అంగుళం కంటే చిన్న ముక్కలు చేయిస్తే చాలావరకు పురుగులు చస్తాయి. ముక్కలను ఎండ బాగా పడేచోట పలచగా పోసి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి, నడివేసవిలో ఆరు వారాలు వదిలేయండి. నల్ల పట్టాకంటే పారదర్శకమైనది మేలు, వేడి లోపలికి దిగుతుంది. వానాకాలంలో ఈ పద్ధతి సాగదు. అప్పుడు మొద్దుల బెరడు మొత్తం ఒలిచి, బెరడును గోతిలో పాతి, మొద్దులు అక్కడే చీల్పించి, వంటచెరకుగా మరో ఊరికి పంపకుండా వాడేసుకోండి.

నేలలో మిగిలిన మోడును కూడా నేలమట్టానికి కోయించి మట్టి కప్పించండి. కొబ్బరి మోడు అయితే తవ్వి తీసేయడమే, లేదంటే అది కుళ్లేకొద్దీ కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది.